అశోకుడు చెట్లు నాటించెను

కిందటి మాఘమాసంలో మా పట్టణంలోని ఒక పాఠశాలవారు వ్యాసరచన పోటీ పెట్టి, న్యాయనిర్ణేతల్లో ఒకడిగా నన్నూ కూర్చోబెట్టారు. నాకు ఆ అర్హత ఎక్కడిదని అడగకండి. ఏవో నాలుగు ముక్కలు రాసుకుంటూ ఉంటానని ఎవరో వారి చెవిన వేశారట. విషయం: "వృక్షాలు – మానవ జీవితం". రాసినవారు తొమ్మిదో తరగతి పిల్లలు. వ్యవధి గంటన్నర. నా ముందుకు వచ్చిన కాగితాలు 48.

వాటిలో 41 కాగితాల్లో అశోకుడు ఉన్నాడు. ఆయన రోడ్డుకు ఇరువైపులా చెట్లు నాటించెను. మీరూ నేనూ చదువుకున్న రోజుల్లోనూ నాటించెను, ఇప్పటికీ నాటించుచూనే ఉన్నాడు. ఈ "నాటించెను" అన్న క్రియాపదం దగ్గర కాస్త ఆగండి. ఆ పిల్లలే తక్కిన వాక్యాలన్నింటిలో "చేశాడు", "పెంచారు", "కొట్టేశారు" అని చక్కటి వాడుకభాష రాశారు. అశోకుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నాటించెను", "త్రవ్వించెను". అంటే ఆ వాక్యం వారి బుర్రలో పుట్టింది కాదు. ఎవరి నోటి నుంచో, ఏ గైడు పుటలోంచో ఊడిపడి, తోలు కూడా ఒలవకుండా కాగితం మీదికి వచ్చింది. తెచ్చిపెట్టుకున్న ఉదాహరణకు ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

నాకు అశోకుడి మీద కోపం లేదు. నిజానికి ఆ 41 మంది మీద నా ఆరోపణ వారు అశోకుణ్ణి తెచ్చారని కాదు, అశోకుణ్ణి సరిగా తేలేదని. ఆయన ఎందుకు నాటించాడో ఒక్కరూ రాయలేదు. ప్రాణవాయువు కోసమా? భూతాపం తగ్గడానికా? వానల కోసమా? ఆయన ఏడవ స్తంభశాసనంలో ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. దారుల వెంబడి మర్రిచెట్లు నాటించింది పశువులకూ మనుషులకూ నీడ కోసం. మామిడితోపులు వేయించాడు, బావులు తవ్వించాడు, విడిది గృహాలు కట్టించాడు. ఆ వెంటనే మరో మాట కూడా అన్నాడు: ఇదంతా చిన్న పనే, నాకు ముందటి రాజులు కూడా ఇటువంటి సుఖాలు కలిగించారు, జనం ధర్మం పాటించాలనే ఇదంతా చేశాను, అని. చెట్లు నాటించిన ఘనత గురించి ఆ చక్రవర్తికి ఉన్న వినయం మన గైడు రచయితలకు లేదు.

ఇంకొక చిత్రం చూడండి. దీనికోసం పాటలీపుత్రం దాకా పోనక్కరలేదు. కర్నూలు జిల్లాలో పత్తికొండ దగ్గర ఎఱ్ఱగుడి బండల మీద అశోకుడి పధ్నాలుగు శిలాశాసనాలూ ఉన్నాయి. వాటిలో రెండవది మనుషులకూ పశువులకూ చికిత్స గురించి, ఔషధపు మొక్కల గురించి, దారుల వెంబడి తవ్వించిన బావుల గురించి, నాటించిన చెట్ల గురించి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం, బండ మాత్రం మనది. "మన రాష్ట్రంలోనే ఒక బండ మీద ఈ మాట చెక్కి ఉంది" అని ఒక్క పిల్లవాడు రాసి ఉంటే, ఆ ఒక్క వాక్యానికి నేను బహుమతి ఇచ్చి ఉండేవాణ్ణి. ఎవరూ రాయలేదు. ఎవరూ వారికి చెప్పలేదు. చెప్పవలసినవారికి తెలియదో, తెలిసినా "అది సిలబసులో లేదు" అనుకున్నారో.

ఇక అశోకుడు లేని ఏడు కాగితాలు. ఆరింటి గురించి చెప్పడానికేమీ లేదు. అబ్దుల్ కలాం ఎన్నడూ అన్నట్టు నాకు తోచని మాటలు ఆయన పేర వాటిలో కొన్ని ఉన్నాయి, "ఒక సర్వే ప్రకారం" అంటూ ఏ సర్వేయో చెప్పని అంకెలు మరికొన్ని. ఏడోది ఒక అమ్మాయి రాసింది. దాని గురించే ఈ టపా.

ఆ అమ్మాయి వాళ్ళ వీధి మలుపులో ఒక వేపచెట్టు ఉండేదట. దాని కింద ఒకాయన ఇస్త్రీ బండి పెట్టుకునేవాడు. రోడ్డు వెడల్పు చేస్తూ రెండేళ్ళ కిందట ఆ చెట్టు కొట్టేశారు. ఇస్త్రీ ఆయన అక్కడే నీలం పట్టా కట్టుకున్నాడు. పట్టా ఖరీదు 650 రూపాయలు. ఒక ఎండాకాలం ఎండకి, ఒక వానాకాలం గాలికి చినిగిపోతుంది, కనుక ఏడాదికొకటి కొనాలి. చెట్టుకు ఆ ఖర్చు లేదు. పట్టా కింద వేడి దిగదు, పైగా బొగ్గుల పెట్టె వేడి ఒకటి. అందుచేత చైత్ర వైశాఖాల్లో పన్నెండింటికి బండి కట్టేసి, మళ్ళీ నాలుగింటికి తీస్తాడు. చెట్టు ఉన్నప్పుడు ఆ నాలుగు గంటలూ పని సాగేది. ఇంత వివరంగా రాసి ఆ అమ్మాయి అన్నదేమంటే, చెట్టు ఇచ్చేది గాలీ వానా మాత్రమే అని మనం పుస్తకంలో చదువుకుంటాం గాని, రోడ్డు మీద బతికేవాడికి చెట్టే ఇల్లు, అని.

అక్కడితో ఆగినా అది మంచి వ్యాసమే. కాని ఆగలేదు. కిందటి ఏడు వాళ్ళ నాయనమ్మకు గుండెనొప్పి వస్తే 108 బండి నేరుగా గుమ్మం ముందుకు వచ్చిందట. చెట్టు ఉన్న రోజుల్లో ఆ మలుపు తిరిగేది కాదట. "కాబట్టి రోడ్డు వెడల్పు చేయడం తప్పు అని నేను అనలేను. కాని మలుపుకి అవతలి వైపు ఖాళీగా ఉన్న జాగాలో ఇంకొక చెట్టు నాటి ఉంటే ఈ రెండేళ్ళలో అది పట్టా ఎత్తుకి వచ్చేది" అని రాసింది. మాటలు అవే కాకపోవచ్చు, నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను. వేప ఎంత త్వరగా ఎదుగుతుందో చూసినవాళ్ళు మాత్రమే రాయగల వాక్యం అది.

నేను నూటికి ఎనభై ఐదు వేశాను. తక్కిన ఇద్దరు న్యాయనిర్ణేతలు నలభై, ముప్పై ఎనిమిది వేశారు.

వారిలో పెద్దవారు పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు. సాత్వికులు, నాకంటె భాష ఎంతో ఎక్కువ తెలిసినవారు. "చూడండి బాబూ, ఇది వ్యాసమా, వీధి గోడా? ఉపోద్ఘాతం లేదు, ముగింపు లేదు, ఒక సూక్తి లేదు, ఒక మహానుభావుడి పేరు లేదు" అన్నారు. రెండోవారు ఇంకొక అడుగు ముందుకు వేసి, "పైగా చెట్టు కొట్టడాన్ని సమర్థించింది. విషయానికి విరుద్ధం" అన్నారు. నేను వాదించాను. అరగంట వాదించాను. తరువాత, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, టీ వచ్చింది, బయట పిల్లలు ఫలితాల కోసం కూర్చుని ఉన్నారు, పెద్దాయన మొగం చిన్నబోయింది, నేను సంతకం పెట్టాను. ఆ అమ్మాయికి ప్రోత్సాహక బహుమతి వచ్చింది. మొదటి బహుమతి అశోకుడికి వెళ్ళింది.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. అప్పుడు చెప్పవలసి ఉండీ చెప్పలేకపోయిన మాటలు ఇక్కడ రాసుకుంటున్నాను.

పెద్దాయన శాస్త్రం చదివినవారు కనుక శాస్త్రంతోనే మొదలుపెట్టవలసింది. న్యాయశాస్త్రంలో ఎదుటివాణ్ణి ఒప్పించే వాదానికి ఐదు అవయవాలు చెప్పారు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పు ఉంది, ఇది ప్రతిజ్ఞ. ఎందుకంటే పొగ ఉంది, ఇది హేతువు. పొగ ఎక్కడ ఉంటే అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో చూడడం లేదా, ఇది ఉదాహరణ. ఈ కొండ మీద ఉన్నదీ అటువంటి పొగే, ఇది ఉపనయం. కాబట్టి నిప్పు ఉంది, ఇది నిగమనం. ఐదింటిలో ఏ ఒక్కటి లేకపోయినా వాదం కుంటిదే. అంటే ఉదాహరణ అన్నది వాదానికి పెట్టే నగ కాదు, వాదపు ఎముక. అందులోనూ మన పూర్వులు ఎంచుకున్న ఉదాహరణ ఏమిటి? వంటిల్లు! ఇంద్రుడి సభ కాదు, చక్రవర్తి యాగశాల కాదు. రోజూ పొద్దున లేచి అందరూ పొగకి కళ్ళు నులుముకునే చోటు.

దృష్టాంతానికి గౌతముడు చెప్పిన లక్షణం ఇంకా రుచిగా ఉంటుంది. ఏ విషయంలో లౌకికుడి బుద్ధీ పరీక్షకుడి బుద్ధీ సమానంగా కలుస్తాయో అది దృష్టాంతం అన్నాడు. పరీక్షకుడు అంటే ఆయన ఉద్దేశం శాస్త్రం తెలిసి విచారించేవాడు. మన పేపర్లు దిద్దేవారు కాదు లెండి. కాని ఆ పేరు ఇక్కడ ఎంత చక్కగా అతుకుతుందో చూడండి. ఇస్త్రీ బండి ఆయనా, పేపరు దిద్దే పండితుడూ ఇద్దరూ తల ఊపగలిగినది ఆ అమ్మాయి రాసిన నీడ. లౌకికుడు తల ఊపాడు. పరీక్షకుడే ఊపలేదు.

ఆ 41 కాగితాల్లో లోపం ఉదాహరణ లేకపోవడం కాదు, ఉపనయం లేకపోవడం. అశోకుడు నాటించెను, సరే. అయితే? ఆ సంగతికీ నువ్వు చెప్పదలచుకున్న దానికీ ముడి ఎక్కడ? "ఈ కొండ మీద ఉన్నదీ అటువంటి పొగే" అన్న నాలుగో వాక్యం ఎక్కడ? అది లేకపోతే అశోకుడు వ్యాసంలోకి వచ్చిన పెళ్ళివారి ఏనుగు. అందరూ చూస్తారు, దండం పెడతారు, అది వెళ్ళిపోతుంది, పెళ్ళికీ దానికీ ఏమీ సంబంధం ఉండదు.

"విషయానికి విరుద్ధం" అన్న రెండో ఆక్షేపణకూ శాస్త్రంలోనే జవాబు ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది నిజమే, కాని నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండాలి అంటే ఒప్పుకోరు. ఎర్రగా కాలిన ఇనుపగుండు తెచ్చి ముందు పెడతారు. నిప్పు ఉంది, పొగ ఏదీ? మాట ఎంతవరకు చెల్లుతుందో తేల్చేది అటువంటి గుండు. 108 బండి ఆ అమ్మాయి వ్యాసంలో ఇనుపగుండు. "చెట్లన్నీ ఎప్పుడూ ఎక్కడా ఉండాలి" అన్న మాట చెల్లదని తానే చూపించి, తన మాటను చెల్లేంతవరకు కుదించుకుంది. పధ్నాలుగేళ్ళ పిల్ల తనకు వ్యతిరేకమైన ఉదాహరణ తానే తెచ్చుకుని, దాన్ని దాచకుండా, దానితో తలపడి రాసింది. మనలో ఎంతమందిమి, ఒకరి టపాను మరొకరం ఖండించుకునేటప్పుడు, ఆ పని చేస్తున్నాం?

ఉదాహరణలతో వాదించడం మనవారికి రానిదీ కాదు, కొత్తదీ కాదు. తెలంగాణంలో తెలుగు కవులు పూజ్యం అని ఒక మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి ఏం చేశారు? కాకతీయుల వైభవం గురించి ఒక ఉపన్యాసం ఇవ్వవచ్చు. పోతన పేరు చెప్పి కన్నీరు పెట్టవచ్చు. ఆ రెంటికీ పోకుండా పేర్లూ ఊళ్ళూ పద్యాలూ సేకరించి 1934లో "గోలకొండ కవుల సంచిక" తెచ్చారు. 354 మంది కవులు. ఆ మాట అన్నవారికి ఇక చెప్పడానికి ఏం మిగిలింది? తరువాత 1949లో వచ్చిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లోనూ ఆయన పద్ధతి అదే. రాజుల జాబితా పక్కన పెట్టి, కావ్యాల్లో ఏ వంట ఉంది, ఏ ఆట ఉంది, ఏ గుడ్డ కట్టారు అని ఏరి ఏరి చరిత్ర అల్లారు. ఆ పుస్తకానికే 1955లో, తెలుగులో మొట్టమొదటిగా, సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన పండితులు ఆయనకు చేతులెత్తి మొక్కుతారు. ఆయన చేసిన పనే ఒక పిల్ల వీధి మలుపులో చేస్తే "గోడు" అంటారు.

ఇంకా వెనక్కు వెళదాం. 1912–14 మధ్య మద్రాసు రాష్ట్రంలో తెలుగువారు ఒకరినొకరు తిట్టుకున్నది దేని గురించి? విద్యార్థి పరీక్షలో వ్యాసం ఏ భాషలో రాయాలి అన్న దాని గురించే. గ్రాంథికంలోనా, వ్యావహారికంలోనా? గిడుగు రామమూర్తి పంతులు, గురజాడ అప్పారావు ఒకవైపు, జయంతి రామయ్య పంతులు మరొకవైపు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం ఆ తగవులోనిదే. గిడుగువారి వాదనా బలం కూడా ఎక్కడుంది? "వాడుకభాష గొప్పది" అని ఊరికే అనడంలో లేదు. గ్రాంథికం రాయాలనే పండితులే గ్రాంథికం తప్పులు లేకుండా రాయలేకపోతున్నారని వారి రచనల్లోంచే ఏరి చూపించడంలో ఉంది. ఆయన సవాలుకు జవాబు చెప్పడం కష్టమైంది అందుకే.

ఆ తగవులో చివరికి వాడుకభాష గెలిచింది. పిల్లలు ఇప్పుడు వాడుకభాషలోనే రాస్తున్నారు. కాని ఏ భాషలో రాయాలో తేల్చుకున్న మనం, ఏం రాయాలో అడగడం మరచిపోయాం. ఆ నిర్లక్ష్యానికి మిగిలిన ఆనవాలు ఆ "నాటించెను".

ఉపాధ్యాయుల తరఫున కూడా రెండు మాటలు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. స్పాట్ వాల్యుయేషన్లో రోజుకు ఇన్ని అని కట్టలు ముందు పడేస్తే, ప్రతి పిల్లవాడి వీధి మలుపుకూ వెళ్ళి వచ్చే తీరిక ఎవరికి ఉంటుంది? ఉపోద్ఘాతం ఉందా, పక్క శీర్షికలు గీత గీసి ఉన్నాయా, సూక్తి ఉందా, ముగింపు ఉందా అని కన్ను పరుగెడుతుంది. ఆ కన్ను ఎలా పరుగెడుతుందో గైడు వేసేవాడికి తెలుసు, వాడు దానికి తగ్గట్టు వండుతాడు. ప్రశ్నపత్రంలో "వ్యక్తీకరణ – సృజనాత్మకత" అని ఒక విభాగం పెడితే, ఆ సృజనకు కూడా గైడులో జవాబు అచ్చయి వచ్చింది. పత్రం మార్చి ప్రయోజనం లేదు, దిద్దేవారి కన్ను మారాలి. మా పోటీలో మాత్రం ఆ సాకు కూడా లేదు. 48 కాగితాలు, ముగ్గురం మనుషులం, మధ్యాహ్నమంతా మాదే.

అమెరికా వెళ్ళే మన పిల్లల కథ దీనికి తోబుట్టువు. 2002 నుంచి జీఆర్ఈ పరీక్షలో విశ్లేషణాత్మక రచన వచ్చింది. మొదట రెండు వ్యాసాలు, 2023 సెప్టెంబరు నుంచి ఒకటి. అభిప్రాయం చెప్పు, దానికి కారణాలూ ఉదాహరణలూ చూపించు అని అడుగుతారు. అప్పట్లో ఒక కోచింగు సెంటరులో మా తమ్ముడికి ఇచ్చిన కాగితం నేను చూశాను. "ఏ విషయానికైనా పనికివచ్చే ఉదాహరణలు" అని ఒక జాబితా. గాంధీ, ఎడిసన్, మైక్రోసాఫ్టు, రెండో ప్రపంచయుద్ధం. ఏ విషయానికైనా పనికివచ్చేది ఉదాహరణ ఎలా అవుతుంది? ఏ తలుపుకైనా పట్టే తాళంచెవి దొంగ దగ్గర ఉంటుంది. సొంత ఆలోచన చూపించమని అడిగితే దాన్నీ బట్టీ పట్టించగలిగాం. మన ప్రతిభను తక్కువ అంచనా వేయకూడదు.

ఇదంతా చదివి, "అయితే ప్రతి వ్యాసంలోనూ మా వీధి, మా నాయనమ్మ అని రాయమంటారా?" అని ఒక మిత్రుడు తప్పక వ్యాఖ్య పెడతాడు. వద్దు. ఒక ఇస్త్రీ బండిని చూసి దేశంలోని శ్రామికులందరి గురించి తీర్పు చెప్పడం కూడా దోషమే. సొంత అనుభవం అయినంత మాత్రాన నిజమైపోదు, మహానుభావుడి పేరు ఉన్నంత మాత్రాన అబద్ధమైపోదు. ఎఱ్ఱగుడి బండను తెచ్చిన పిల్లవాడికీ నేను అంతే మార్కులు వేస్తానని ముందే చెప్పాను. నేను కోరేది ఒక్కటే. ఎవరైనా వెళ్ళి చూసి, "అవును" అనో "కాదు" అనో చెప్పగలిగినదై ఉండాలి. "వృక్షాలు మానవాళికి ప్రాణాధారం" అన్న వాక్యాన్ని ఎవరూ కాదనలేరు. కాదనలేరు కనుకే అది ఏమీ చెప్పదు. "పట్టా ఖరీదు 650 రూపాయలు" అన్నది తప్పయ్యే అవకాశం ఉన్న వాక్యం. రాసినవాడు దానికి పూచీ పడాలి. పిల్లలకు ఆ పూచీ పడడం నేర్పడానికి మనకు భయం. అందుకే పూచీ అక్కరలేని అశోకుణ్ణి చేతికిస్తున్నాం.

మొన్న ఆదివారం ఆ వీధి వెతుక్కుంటూ వెళ్ళాను. మలుపు దొరికింది. మొద్దు కూడా లేదు, దాని మీద సిమెంటు పోసేశారు. అవతలి వైపు జాగా నిజంగానే ఖాళీగా ఉంది, ఎవరో ఇటుకలు పేర్చుకున్నారు. నీలం పట్టా ఉంది. సంచిలో రెండు చొక్కాలు తీసుకువెళ్ళాను, ఉత్తి చేతులతో వెళ్ళి అడగడం బాగుండదని. పదకొండున్నర అయింది. "సాయంత్రం రండి సార్, పన్నెండుకి కట్టేస్తాను" అన్నాడాయన. పట్టా ఎంతకు కొన్నావని అడిగాను.

"ఏడు వందలండీ. మొన్నామధ్య ఒక పాప వచ్చి పుస్తకంలో రాసుకుంది. పోయినేడు ధర చెప్పానేమో ఆ అమ్మాయికి" అన్నాడు.

యాభై రూపాయలు తేడా. ఆ అమ్మాయి కనబడితే చెప్పాలి, దిద్దుకుంటుంది.